ఐసీయూలో వెంకటరాజుగారి ప్రార్థన

మా ఊళ్ళో దేవుడి పనులన్నీ వెంకటరాజుగారే చూసుకునేవారు. భీమవరానికి పది కిలోమీటర్ల అవతల, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఊరు మాది. వేంకటేశ్వరస్వామి గుడి కమిటీకి ఆయన పదకొండేళ్ళు ప్రెసిడెంటు. ఎన్నిక ఎప్పుడూ జరగలేదు, జరపమని అడిగినవాడూ లేడు. ఆ కమిటీలో నేనూ సభ్యుణ్ణే. పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. దస్తూరీ బాగుంటుందని కమిటీ కాగితాలన్నీ నా చేతే రాయించేవారు. కాబట్టి ఈ కథలో ఎవర్ని వెక్కిరించినా అందులో నా వాటా కొంత ఉంటుంది.

ఆయన భక్తి సామాన్యమైనది కాదు. చెరువులో సీడు వదిలేరోజు పంతులుగారు వచ్చి మంత్రం చదివితే తప్ప ఒక్క రొయ్యపిల్ల నీళ్ళలోకి దిగేది కాదు. కారు అద్దం ముందు ఎంతమంది దేవుళ్ళని కూర్చోబెట్టారంటే ఆయనకి రోడ్డు సగమే కనిపించేది. మిగతా సగం ఆ దేవుళ్ళే చూసుకుంటారన్న ధైర్యంతో నడిపేవారు. తెల్లవారుజామున నాలుగున్నరకి గుడి మైకు మొదలయ్యేది. అది భక్తి. చెరువుగట్టుకి అవతల, పేటలో ఉన్న చిన్న చర్చిలో ఆదివారం పదింటికి మైకు మొదలయ్యేది. అది శబ్దకాలుష్యం. ఆ కాలుష్యం గురించి పంచాయతీకి అర్జీ పెట్టారు. అర్జీ నేనే రాశాను.

వినాయకచవితి పందిట్లో ఏటా ఆయన ప్రసంగం ఉండేది. "పాలపొడి పోసి మన పిల్లల్ని లాక్కుపోతున్నారండి. గుక్కెడు పాలకి మతం మార్చేసుకుంటే అది మతమా, బజారా?" అనేవారు. అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఈ రోజుల్లో పాలపొడికి మారేవాడెవడని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆయన అంత కచ్చితంగా చెప్పేవారు మరి.

ఇదంతా తల్లి సుభద్రమ్మగారి పెంపకమని ఊరంతా చెప్పుకునేది. ఆవిడ మడి కట్టుకుంటే వాకిట్లో కుక్క కూడా పక్కకి తప్పుకునేదట. అలాంటి తల్లి పెంచిన కొడుకు ఇలా కాక ఇంకెలా ఉంటాడు అనుకునేవాళ్ళం. ఆయన చదువు సంగతి వచ్చినప్పుడు మాత్రం "నరసాపురంలో చదువుకున్నానండి" అని ఒక్కమాట చెప్పి ఊరుకునేవారు. నరసాపురంలో ఎక్కడని మేమూ అడగలేదు.

పోయినేడాది ఆయన రెండు చెరువులకి వైట్ స్పాట్ వచ్చింది. రొయ్య తలమీద తెల్ల మచ్చ పడితే పంట మొత్తం పోయినట్టే. ఈ ఏడాది అలా జరగకూడదని వేసవిలో ఆయన దీక్ష పట్టారు. నలభై రోజులు ఉప్పు ముట్టుకోనన్నారు. అసలే బీపీ మనిషి. నీరు తీసేసే మాత్ర రోజూ వేసుకుంటారు.

"ఉప్పు తగ్గించమని డాక్టరుగారు ఎప్పటినుంచో అంటున్నారు కదా, దేవుడి పేరుచెప్పి పూర్తిగా మానేశాను. ఇద్దరి మాటా విన్నట్టయింది," అన్నారు నాతో, చాలా తెలివైన పని చేసినట్టు.

మే నెల ఎండ. చెరువుగట్ల మీద తిరగడం, చెమట, దాహమేసినప్పుడల్లా బిందెడు మంచినీళ్ళు. చెరువు నీళ్ళలో ఉప్పు ఎంతుందో వారంవారం ల్యాబులో పరీక్ష చేయించే మనిషి, తన ఒంట్లో ఎంత మిగిలిందో చూసుకోలేదు. ఇరవై ఆరో రోజు ఉదయం చెరువులో నీళ్ళు చిలుకుతూ తిరుగుతున్న ఏరేటర్‌కి దణ్ణం పెట్టి, "బాబాయ్, భోంచేశావా?" అని అడిగారట. అది జవాబు చెప్పేలోపే గట్టుమీద పడిపోయారు.

భీమవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. సోడియం దారుణంగా పడిపోయిందన్నారు. ఐసీయూలో పెట్టి సెలైన్ నెమ్మదిగా ఎక్కిస్తూ, "భయం లేదండి, కానీ రెండు రోజులు ఏదేదో మాట్లాడతారు, పట్టించుకోకండి," అని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ ఒక్క సలహా విని ఉంటే ఈ కథే లేదు.

రెండోరోజు పదకొండు గంటలకి లోపలికి పంపించారు. మంచం పక్కన ఆయన భార్య శ్రీదుర్గగారు, కాళ్ళ దగ్గర తమ్ముడు హరిబాబు ఉన్నారు. ఒకసారికి ఇద్దరే అన్నారు కాబట్టి నేను తలుపు దగ్గర ఆగాను. నర్సు ఒకమ్మాయి గిన్నెలో జావ తెచ్చి, మంచం తలవైపు పైకి లేపింది.

"బాబాయ్‌గారూ, కొంచెం జావ తాగుదురుగాని, కళ్ళు తెరవండి," అంది.

వెంకటరాజుగారు కళ్ళు తెరవలేదు సరికదా ఇంకా గట్టిగా మూసుకున్నారు. సెలైన్ గొట్టం ఉన్న చేతిని గొట్టం లేని చేతితో కలిపి, వేళ్ళు ఒకదాంట్లో ఒకటి జొనిపి, గడ్డం కింద పెట్టుకున్నారు. తరువాత బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, గొంతెత్తి, రాగం తీస్తూ అందుకున్నారు.

"తండ్రీ, మా పళ్ళెంలో ఉన్నదానికి వందనం. లేనిదానికి కూడా వందనం. పక్కవాడి పళ్ళెం మీద మా కన్ను పడకుండా చూడు. ఆమేన్."

ఐసీయూ మొత్తానికి వినిపించింది. పక్కమంచం ముసలాయన కూడా అలవాటుగా "ఆమేన్" అన్నాడు. వెంకటరాజుగారు ఒక్క క్షణం ఆగి, ఈసారి బతిమాలుతున్నట్టు అన్నారు: "సూరమ్మగారూ, నాకు గిన్నె అడుగున ఉన్నది పెట్టండి."

హరిబాబు మొహంలో రంగులు మారాయి. అన్నగారి సోడియం గురించి రెండు రోజులుగా అంత కంగారు పడనివాడు ఒక్కసారి వణికిపోయాడు.

"ఏంటమ్మా ఇది? మా అన్నయ్యకి ఏం నేర్పించావు నువ్వు?"

"నేనేం నేర్పించానండి? జావ తెచ్చాను," అంది ఆ అమ్మాయి.

"నీ పేరేంటి?"

"ఆశాజ్యోతి అండి."

ఆ పేరు ఎవరైనా పెట్టుకుంటారు. దాంతో ఏమీ తేలక హరిబాబు ఇంటిపేరు అడిగాడు. దాంతోనూ తేలలేదు. ఊరు అడిగాడు. మా పక్క ఊరే. ఊళ్ళో ఎక్కడ అని అడిగాడు. ఆ అమ్మాయి పేట పేరు చెప్పింది. దాంతో దర్యాప్తు పూర్తయిపోయింది. మన దగ్గర పోలీసులు ఇంత చురుగ్గా ఉంటే ఒక్క దొంగ మిగలడు.

సాయంత్రానికల్లా హరిబాబు ఆసుపత్రి మేనేజరు గదిలో కూర్చున్నాడు. స్పృహలేని మనిషికి మతం ఎక్కిస్తున్నారని, పేపరువాళ్ళని పిలుస్తానని అరిచాడు. మేనేజరుకి ఆ అమ్మాయి తప్పు చేసిందా లేదా అన్నది అనవసరం. ఎవర్ని పక్కనపెడితే గొడవ ఆగిపోతుందన్నదే అవసరం. గొడవ సద్దుమణిగేదాకా డ్యూటీకి రావద్దని ఆశాజ్యోతికి చెప్పేశాడు.

మా ఊళ్ళో గుడి పేరుతో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఆ ప్రార్థన గంటగంటకీ పెరిగింది. మొదటి గంటలో నర్సు ప్రార్థన చేయించింది. రెండో గంటలో చెవిలో ఏదో ఊదింది. రాత్రి భోజనాల వేళకి సెలైన్ నీళ్ళతో బాప్తిస్మం ఇచ్చేసింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను. జరిగింది నాకు తెలుసు. "అలా కాదు" అని టైపు చేసి, మళ్ళీ ఎందుకొచ్చిన గొడవని చెరిపేసి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాను.

మర్నాడు పేటలోని చర్చి పాస్టరు విజయ్ పాల్ గారు ద్రాక్షపళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. మంచి మనిషే. కానీ తన చర్చి మైకు మీద అర్జీ పెట్టినవాడి నోట ఆమేన్ వచ్చిందంటే ఎవరికి మాత్రం సంతోషంగా ఉండదు?

"ఆత్మ పలికించిందండి," అన్నారు నాతో. "ఏమన్నారో ఒక్కసారి అక్షరం పొల్లుపోకుండా చెప్పండి, రాసుకుంటాను."

చెప్పాను. రాసుకుని, రెండుసార్లు చదువుకుని, తల గోక్కున్నారు. "ఇది మా ప్రార్థనల్లో ఎక్కడా లేదండి. పక్కవాడి పళ్ళెం ఏంటి?" అని కాసేపు ఆలోచించి, "పోన్లెండి, చివర ఆమేన్ ఉంది కదా," అని సర్దుకున్నారు.

మా గుడి ఆచార్యులవారు కూడా అంతే ఉదారంగా ఆలోచించారు. స్పృహలేనప్పుడు అన్నమాటకి దోషం అంటదన్నారు. అయినా ఒక చిన్న శాంతి చేయించడం మంచిదన్నారు. ఏమీ చేయనక్కర్లేదని చెప్పే శాస్త్రం మాత్రం ఏ పక్కా దొరకలేదు.

నాలుగోరోజుకి వెంకటరాజుగారు మామూలు మనిషయ్యారు. జరిగింది హరిబాబు చెప్పాడు. వింటున్నంతసేపూ ఆయన దుప్పటి అంచు మడతపెడుతూ కూర్చున్నారు. చివరికి, "సోడియం కదరా," అన్నారు.

అప్పట్నుంచి ఎవరు పరామర్శకి వచ్చినా అదే జవాబు. "సోడియం అండి." ఆ సమాధానం ఎవరికీ తృప్తినివ్వలేదు. సోడియం ఏ పేటలో ఉంటుందో ఎవరికీ తెలియదు, దాన్ని ఉద్యోగంలోంచి తీయించడమూ కుదరదు. అందుకని కమిటీ సమావేశమై, ఆ నర్సుని శాశ్వతంగా తొలగించాలని ఆసుపత్రికి ఫిర్యాదు పంపాలని తీర్మానించింది. రోగి సంతకం ఉంటే గట్టిగా ఉంటుందన్నారు. ఫిర్యాదు ఎవరు రాశారో వేరే చెప్పాలా? "ప్రలోభపెట్టి" అన్న మాట దగ్గర నా కలం ఒక్కక్షణం ఆగింది. ఆగి, వొత్తులు సరిగ్గా పడేట్టు రాసింది.

ఇంటికొచ్చిన రెండోరోజు ఆయన దానిమీద సంతకం పెట్టారు. చదవలేదు. సంతకం పెడుతున్నప్పుడు కాగితం వైపు కాక గోడ గడియారం వైపు చూశారు.

ఆ తరువాత జరిగింది శ్రీదుర్గగారు మా ఆవిడకి చెప్తే నాకు తెలిసింది. ఊరంతా మతం గురించి తల పగలగొట్టుకుంటుంటే ఆవిడ బుర్రలో మాత్రం ఇంకో ప్రశ్న తిరుగుతోంది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని అడిగేశారు.

"సూరమ్మ ఎవరండి?"

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏ సూరమ్మ?"

"గిన్నె అడుగున ఉన్నది పెట్టే సూరమ్మ. ముప్పై నాలుగేళ్ళుగా వండి పెడుతున్నాను. ఒక్కరోజు నన్ను అలా అడిగారా మీరు? అంత ముద్దుగా?"

"ఛ, ఛ. అదేం మాటే?"

"మరి చెప్పండి. ఎక్కడుంటుంది? భీమవరంలోనా, పాలకొల్లులోనా?"

మతం మారావా అని ఊరంతా అడిగితే సోడియం అడ్డుపెట్టుకున్న మనిషి, ఈ ప్రశ్నకి అది సరిపోదని గ్రహించారు. ముద్ద పళ్ళెంలో పెట్టేసి మొత్తం చెప్పారు. పెళ్ళయ్యాక ఆ సంగతి చెప్పడం అదే మొదటిసారి.

పదకొండేళ్ళ వయసులో ఆయన్ని తండ్రిగారు నరసాపురంలో మిషను బడి హాస్టల్లో వేశారు. ఊళ్ళో ఉంటే గాలిపటాలు తప్ప చదువు రాదని, ఇంగ్లీషూ క్రమశిక్షణా అక్కడే దొరుకుతాయని ఆ రోజుల్లో అందరి నమ్మకం. "చదువు తెచ్చుకో, వాళ్ళ దేవుణ్ణి మాత్రం అక్కడే వదిలేసి రా," అని చెప్పి రైలెక్కించారట, దేవుడు పెట్టెలో సర్దుకునే సామాను అయినట్టు. ఊళ్ళోవాళ్ళకి గానీ, అప్పటికి ఉయ్యాల్లో ఉన్న హరిబాబుకి గానీ ఆ హాస్టలు సంగతి తెలియనివ్వలేదట. హాస్టల్లో వంటా పిల్లలూ చూసుకునేది సూరమ్మగారు. భర్త పోయిన మనిషి. ఖాళీ దొరికితే లేసు అల్లుకునేది. పొద్దున్నే గోధుమరవ్వ జావ, అందులో డబ్బాల్లో వచ్చిన పాలపొడి. జావ దగ్గర పిల్లలు కొట్టుకు చచ్చేవాళ్ళు. ఆ కొట్లాట ఆపడానికి ఆవిడే సొంతంగా ఒక ప్రార్థన కట్టి, అది చెప్పిన తరువాతే గరిటె ముంచేది. నాలుగేళ్ళపాటు రోజుకి మూడు పూటలా చెప్పిన ప్రార్థన అది.

"గిన్నె అడుగున చిక్కగా ఉంటుందే," అన్నారు వెంకటరాజుగారు. "నేను అందరికంటే సన్నగా ఉండేవాణ్ణని నాకు అది దాచి పెట్టేది."

ఏడో తరగతిలో ఆయనకి ఆటలమ్మ పోసింది. ఇంటికి కబురు పంపితే, పూజల్లో ఉన్నామని, తగ్గాక పంపించమని సుభద్రమ్మగారు జవాబు పంపారు. సూరమ్మగారు పదిరోజులు తన గదిలోనే పడుకోబెట్టుకుంది. చర్చి మానని ఆ మనిషి ఎక్కణ్ణుంచో వేపమండలు తెచ్చి పక్కలో పరిచి, "అమ్మవారు చల్లబడాలి నాన్నా," అనేదట. ఫాదరుగారు అడిగితే దోమలకని చెప్పేది.

సెలవులకి ఇంటికొస్తే తల్లి ఆయన్ని పెరటిగుమ్మం దగ్గరే ఆపేది. హాస్టలు బట్టలు విప్పించి, పసుపునీళ్ళు పోసి, మూడుసార్లు గోవిందా అనిపించి అప్పుడు లోపలికి రానిచ్చేది. అలా నాలుగేళ్ళలో ఆయన రెండు పాఠాలూ శుభ్రంగా నేర్చుకున్నారు. ఈ గుమ్మంలో ఈ మాట, ఆ గుమ్మంలో ఆ మాట. ఏ గుమ్మంలోనూ నీకేమనిపిస్తోందిరా అని అడిగినవాళ్ళు లేరు కాబట్టి ఆ మూడో పాఠం మాత్రం మిగిలిపోయింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండి?" అని అడిగారు శ్రీదుర్గగారు.

"మొదట అమ్మకి భయపడ్డాను. పెళ్ళప్పుడు మీ నాన్నగారికి భయపడ్డాను. ప్రెసిడెంటు అయ్యాక ఇంక నాకు నేనే భయపడ్డాను."

ఆవిడ ఇంకో గరిటెడు పప్పు వడ్డించారు. సవతి లేదని తేలినందుకు మనసు కుదుటపడ్డట్టుంది. కుదుటపడగానే బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది.

"అయితే పాలపొడి పోసి లాక్కుపోతున్నారని చవితి పందిట్లో ఏటా మీరు చెప్పేది?"

ఆయన ముద్ద మళ్ళీ కలుపుకున్నారు.

"ఆ పాలపొడి తాగింది మీరేనా?"

"ఊఁ."

"మరి మీరు మారలేదు కదండి?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఆ పిల్ల జావ తప్ప ఏమీ తేలేదండి. నేను మంచం పక్కనే ఉన్నాను. నాలుగు రోజుల్నుంచీ నోరెత్తకుండా సూరమ్మ ఎలా ఉంటుందోనని ఆలోచిస్తూ కూర్చున్నాను. నాకూ సిగ్గుండాలి. మీరెందుకు సంతకం పెట్టారండి?"

ఆయన పళ్ళెం పక్కకి జరిపారు. అన్నం చల్లారిపోయింది.

మర్నాడు ఉదయం భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆసుపత్రికి వెళ్దాం, రండి సుకుమార్‌గారూ అన్నారు. కాగితం రాయించుకోవడానికేమో అనుకుని కలం జేబులో పెట్టుకున్నాను. మేనేజరు గదిలో కూర్చున్నాక నేను కలం తీస్తే, "ఇటివ్వండి, ఇది నేనే రాస్తాను," అన్నారు. ఇంకా నీరసం తగ్గలేదు. అరపేజీ రాయడానికి పావుగంట పట్టింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ఆ ప్రార్థన చిన్నప్పుడు తను నేర్చుకున్నదని, నర్సుకి ఏ సంబంధమూ లేదని, అంతకుముందు తను పెట్టిన సంతకం అబద్ధమని రాశారు.

మేనేజరు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మంచిదేనండి. కానీ ఆ అమ్మాయి తణుకులో వేరే ఆసుపత్రిలో చేరిపోయిందండి. మొన్ననే."

ఈ మాటతో ఇంటికి వచ్చేయొచ్చు. మనస్సాక్షి కోసం ఇంతకంటే ఎక్కువ ఖర్చుపెట్టేవాళ్ళు మా ఊళ్ళో లేరు. కానీ శ్రీదుర్గగారు కారు పక్క ఊరి పేటవైపు తిప్పించారు. ఆదివారం కాబట్టి ఆశాజ్యోతి ఇంట్లోనే ఉంది. వాళ్ళమ్మ కంగారుగా కుర్చీలు వేసింది. ఆ అమ్మాయి మాత్రం గుమ్మంలోనే నిలబడింది.

"తప్పు నాదమ్మా," అన్నారు వెంకటరాజుగారు. "నీకు జరిగింది అన్యాయం."

"తెలుసండి," అంది ఆ అమ్మాయి. "నేను చర్చికి వెళ్ళి ఆరు నెలలైందండి. ఆదివారాలు కూడా డ్యూటీలే వేస్తారు. మా అమ్మ రోజూ తిడుతుంది. నింద వేస్తే వేశారు, కనీసం నేను చేసిన పని మీదైనా వేయాల్సిందండి. మీ సెలైన్ అరగంటకోసారి నేను చూసుకున్నాను. తొందరగా ఎక్కిస్తే మెదడుకి ప్రమాదం, అందుకని బాత్రూమ్‌కి కూడా వెళ్ళకుండా కూర్చున్నాను. ఆ సంగతి ఒక్కళ్ళూ గ్రూపులో పెట్టలేదండి."

నేను నేల చూపులు చూశాను. ఆ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టింది నేనే కదా.

"మళ్ళీ అక్కడికి రమ్మంటే వస్తావా అమ్మా?" అన్నారు శ్రీదుర్గగారు.

"ఎందుకండి? తణుకులో బాగానే చూస్తున్నారు. కాకపోతే ఆ వార్త అందరి ఫోన్లలోనూ తిరిగింది. మా అన్నయ్యకి సంబంధాలు చూస్తున్నారు. మీరు చెప్పాలనుకున్నది నాకు కాదు, అక్కడ చెప్పండి."

వెంకటరాజుగారు ఆ ఇంటి అరుగుమీదే కూర్చుని ఫోన్ తీశారు. ఆయనకి టైపు చేయడం రాదు. మైకు బొమ్మ మీద వేలు పెట్టి మొత్తం చెప్పారు, హాస్టలు, సూరమ్మగారు, పాలపొడి, అబద్ధపు సంతకం, అన్నీ. ఏడు నిమిషాల నిడివి. మధ్యలో ఎక్కడో కోడి కూసింది. మా గ్రూపులో ఎవరూ ఏ వాయిస్ మెసేజీ చివరిదాకా వినరు. అది మాత్రం అందరూ రెండేసి సార్లు విన్నారు.

ఫలితం మీరు ఊహించగలరు. అబద్ధం చెప్పినన్నాళ్ళూ ఆయన్ని క్షమించడానికి సిద్ధంగా ఉన్న కమిటీ, నిజం చెప్పగానే క్షమించలేకపోయింది. మూడురోజుల్లో సమావేశం పెట్టి, ఆరోగ్యం బాగోలేని కారణంగా ఆయన ప్రెసిడెంటు పదవి నుంచి తప్పుకున్నట్టు రాయించారు. హరిబాబు ప్రెసిడెంటయ్యాడు. తీర్మానం రాయమంటే నేను చేతినొప్పి అన్నాను. నా జీవితంలో నేను చేసిన తిరుగుబాటు మొత్తం అదే, దాన్ని పెద్దది చేసి చెప్పుకోను.

పాస్టరు విజయ్ పాల్ గారు ఆ వాయిస్ మెసేజీ విని మళ్ళీ వచ్చారు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమని అడిగారు. వెంకటరాజుగారు చేతులు జోడించారు.

"మీ దేవుడు నాకు తెలియదండి. నాకు తెలిసింది సూరమ్మగారు. ఆవిడ గురించైతే ఎంతసేపైనా చెప్తాను."

విజయ్ పాల్ గారికి ఆశాభంగమైంది. అయినా కాఫీ తాగి, సూరమ్మగారు ఏమయ్యారో నరసాపురంలో వాకబు చేస్తానని చెప్పి వెళ్ళారు. చేశారు కూడా. తొంభై నాలుగులో పోయిందట. చివరిదాకా హాస్టల్లోనే ఉందట. పేరు తప్ప రికార్డుల్లో ఇంకేమీ లేదట. చర్చి మైకు మీద మేం పెట్టిన అర్జీని వెంకటరాజుగారు వెనక్కి తీసుకున్నారు. హరిబాబు ప్రెసిడెంటు హోదాలో ఇంకోటి పెట్టాడు.

అదే హరిబాబు జూన్ నెలలో, స్కూళ్ళు తెరిచే ముందు, అన్నగారి ఇంటికి వచ్చాడు. మనవణ్ణి నరసాపురంలో ఆ మిషను బడిలోనే వేద్దామనుకుంటున్నాడట.

"పాత స్టూడెంటు ఉత్తరం ఉంటే సీటు తొందరగా ఇస్తారట అన్నయ్యా. ఇంగ్లీషు అక్కడ బాగుంటుందంటున్నారు."

నేను అక్కడే ఉన్నాను. వెంకటరాజుగారు ఏదైనా గట్టిగా అంటారేమోనని ఆశగా చూశాను. ఆయన కాగితం, కలం తెప్పించుకున్నారు. ఉత్తరం రాసిచ్చేశారు. హరిబాబు దాన్ని రెండు మడతలు పెట్టి, గుడి రసీదు పుస్తకంలో దాచుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు కూడా ఆయన గుడికి వెళ్తారు. ముందువరస కుర్చీ లేదు కాబట్టి అందరితోపాటు లైన్లో నిలబడతారు. తీర్థం తీసుకుంటారు. వస్తూ వస్తూ చర్చి ముందు ఆగరు. ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంటారని, లోపల ఏమంటున్నారో తను అడగడం మానేశానని శ్రీదుర్గగారు మా ఆవిడతో అన్నారట.

ఆమధ్య కొత్త పంటకి సీడు వదిలారు. ఈసారి పంతులుగారిని పిలవలేదు. మరిచిపోయారో, మానేశారో తెలియదు. నెల్లాళ్ళ తరువాత ఒకరోజు పొద్దున్నే నేను చెరువుగట్టు మీదికి వెళ్ళేసరికి ఆయన చెక్క వంతెన చివర ఒక్కరే కూర్చున్నారు. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న అడిగేశాను.

"ఇంతకీ మీరు దేన్ని నమ్ముతారండి, నిజం చెప్పండి?"

"అరవయ్యేళ్ళొచ్చాక అడిగితే ఏం చెప్పనండి?" అన్నారాయన. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చూడాలి. కొంచెం టైమివ్వండి."

నాకు నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు, నిజంగానే టైమడుగుతున్నారు. మేత తిన్నాయో లేదో చూసే వల పళ్ళేన్ని తాడు పట్టుకుని నీళ్ళలోంచి పైకి లాగారు. మెతుకు మిగల్లేదు. పళ్ళెంలో నాలుగు రొయ్యలు, అద్దంలా ఉన్నాయి, ఎగిరిపడుతున్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని, తలమీద తెల్ల మచ్చ లేదని చూసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేశారు.